సగం ఆదేశంతో నిండు ఫోన్: నోకియా 6110, ఆర్మ్ ఎదిగిన తీరు

క్లుప్తంగా: ప్రాసెసర్ డిజైన్లు గీసే ఆర్మ్ కంపెనీని నిలబెట్టింది 1990ల నాటి జీఎస్ఎమ్ ఫోన్, అంటే సిమ్ వేసుకుని వాడే డిజిటల్ ఫోన్. ఆ ఫోన్‌కు వేగం పెద్దగా అక్కర్లేదు. మెమరీ ఖర్చు, బ్యాటరీ, చిప్పు మీద పట్టే చోటు తక్కువగా ఉంటే చాలు. ప్రాసెసర్‌కు ఇచ్చే 32 బిట్ల ఆదేశాలను 16 బిట్లకు కుదించిన ‘థంబ్’ పద్ధతి మెమరీ చిక్కు విప్పింది. ఎవరికైనా అద్దెకిచ్చే లైసెన్సు పద్ధతి మిగతా దారి తెరిచింది. ఫోన్లలో గొంతు పని మాత్రం ఆర్మ్ చేయలేదు, దాని పక్కనున్న డీఎస్పీ అనే మరో ప్రాసెసర్ చేసింది.

ఆర్మ్ డిజైన్ లేని ఫోన్ ఇవాళ దొరకడం కష్టం. అయినా ఆ కంపెనీకి చిప్పులు పోసే ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. 2016లో సాఫ్ట్‌బ్యాంక్ 2,430 కోట్ల పౌండ్లు పోసి కొన్నప్పుడూ, 4,000 కోట్ల డాలర్లకు ఎన్విడియా చేసిన ప్రయత్నం 2022లో బెడిసినప్పుడూ, 2023 సెప్టెంబర్‌లో మళ్లీ అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌కు వచ్చినప్పుడూ చాలామందికి తట్టిన సందేహం ఒకటే. ఏమీ తయారు చేయని కంపెనీకి అంత విలువ ఎక్కడిది? జవాబు వెతకాలంటే స్మార్ట్‌ఫోన్ కన్నా వెనక్కి, నలుపు తెలుపు తెర మీద పాము ఆట ఆడిన రోజులకు పోవాలి.

ధాన్యపు కొట్టంలో 12 మంది

ఆర్మ్ పుట్టింది కంప్యూటర్ కోసం. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్ ఆదేశాల పట్టిక రాస్తే, స్టీవ్ ఫర్బర్ దాన్ని సర్క్యూట్‌గా మలిచారు. మొదటి చిప్పు 1985 ఏప్రిల్ 26న చేతికొచ్చింది. ట్రాన్సిస్టర్లు 25,000 లోపే. ఖరీదైన సిరామిక్ తొడుగు బదులు చవక ప్లాస్టిక్ తొడుగు వాడాలంటే చిప్పు ఒక వాట్ మించి వేడెక్కకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. తీరా చూస్తే అందులో పదో వంతే ఖర్చయింది. కరెంటు కొలిచేందుకు అమ్మీటర్ పెడితే సున్నా చూపించిందట. పవర్ లైను అసలు కలపనే లేదని తర్వాత తేలింది. పక్క పిన్నుల నుంచి కారిన కాస్త కరెంటుతోనే చిప్పు పనిచేసింది. అంటే తక్కువ కరెంటు గుణం ఫోన్ కోసం పథకం వేసి సాధించింది కాదు, పొదుపు డిజైన్‌కు దొరికిన కొసరు.

1990 నవంబర్‌లో ఏకార్న్, ఆపిల్, చిప్పుల కంపెనీ వీఎల్ఎస్ఐ టెక్నాలజీ కలిసి దీన్ని విడి కంపెనీ చేశాయి. 12 మంది ఇంజినీర్లు కేంబ్రిడ్జి పక్క పల్లెలో పాత ధాన్యపు కొట్టాన్ని ఆఫీసు చేసుకున్నారు. ఆపిల్ ఆశ న్యూటన్ అనే చేతి పరికరం మీద. 1993లో అది ఆర్మ్610 చిప్పుతో వచ్చింది. చేతిరాతను తప్పుగా చదివి నవ్వులపాలైంది, అమ్మకాలు పుంజుకోలేదు. ఒకే పరికరాన్ని నమ్ముకుంటే కంపెనీ మునిగిపోతుందని అధిపతి రాబిన్ శాక్స్‌బీ ముందే పసిగట్టారు. డిజైన్‌ను లైసెన్సుగా ఇచ్చి, మొదట కొంత రుసుము, తర్వాత అమ్మిన ప్రతి చిప్పు మీద రాయల్టీ తీసుకునే పద్ధతి పెట్టారు. 1993లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, అంటే టీఐ, లైసెన్సు తీసుకుంది. నోకియాకు తలుపు అటునుంచే తెరుచుకుంది.

ఫోన్‌లో ఎవరి పని ఏది

‘ఆ ఫోన్లను ఆర్మ్ నడిపింది’ అనే మాట సగమే నిజం. జీఎస్ఎమ్ ఫోన్‌లో రెండు మెదళ్లుంటాయి. ఒకటి డీఎస్పీ, అంటే సంకేతాల లెక్కలు చేసే ప్రాసెసర్. రెండోది కంట్రోలర్, ఆర్మ్ ఉండేది ఇక్కడ.

మాట్లాడేటప్పుడు 20 మిల్లీసెకన్ల గొంతుకు ఏమవుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. ఆ కాస్త సమయంలో మైకు నుంచి 160 నమూనాలు వస్తాయి. డీఎస్పీ వాటిని 260 బిట్లకు కుదిస్తుంది. సెకనుకు 13 కిలోబిట్లన్నమాట. ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజీలో ఇదే గొంతుకు 64 కిలోబిట్లు పడతాయి. ఆ 260లో 50 బిట్లు ప్రాణం లాంటివి, 132 ముఖ్యమైనవి, మిగిలిన 78 పోయినా చెవి సర్దుకుంటుంది. 50 బిట్లకు 3 తనిఖీ బిట్లు చేర్చి, 132 కలిపి, చివర 4 సున్నాలు పెడితే 189. దాన్ని రెట్టింపు చేసే కోడింగుతో 378 అవుతుంది. రక్షణ లేని 78 కలిపితే 456. ఈ 456ను 57 చొప్పున ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది బరస్టుల్లో, అంటే ఫోన్ గాలిలోకి వదిలే చిన్న చిన్న విడతల్లో, సర్దుతారు. ఒక బరస్టు గాలిలో కొట్టుకుపోయినా పోయేది ఎనిమిదో వంతే. మిగిలిన బిట్ల నుంచి అసలు మాటను అవతలి ఫోన్ తిరిగి కూర్చుకుంటుంది.

తనిఖీ బిట్లు సరిపోలకపోతే ఫోన్ ముందటి ముక్కనే మళ్లీ వినిపిస్తుంది. వరసగా చెడిపోతూ ఉంటే గొంతు తగ్గిస్తూ 320 మిల్లీసెకన్లలో పూర్తిగా ఆపేస్తుంది. లిఫ్టులోకి వెళ్లినప్పుడు అవతలి మాట యంత్రంలా సాగి, టక్కున ఆగిపోయేది ఇందుకే.

ఇదికాక ఎత్తైన భవనాల మీద నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల బెడద ఒకటి. 148 బిట్ల ప్రతి బరస్టు నడుమ అందరికీ ముందే తెలిసిన 26 బిట్ల వరస ఉంటుంది. అది ఎలా వంకర తిరిగి వచ్చిందో చూసి, మిగతా బిట్ల వంకరను డీఎస్పీ సరిచేస్తుంది. 16 మైక్రోసెకన్ల ఆలస్యం దాకా, అంటే దాదాపు 4.8 కిలోమీటర్ల దూర తేడా దాకా, తట్టుకోవాలని ప్రమాణం.

ఇదంతా టీఐ డీఎస్పీ భాగం చేసే చాకిరీ. మరి ఆర్మ్ చేసేదేమిటి? టవరుతో జరిగే సంప్రదింపులు, సిమ్ చదవడం, ఏ టవరుకు మారాలో చూడటం, మీటలు, తెర, మెనూ, ఫోన్‌బుక్, చార్జింగ్, ఇంకా పాము ఆట. వీటిలో భారీ లెక్కలేమీ లేవు, ప్రోగ్రామ్ మాత్రం చాంతాడంత. ఆర్మ్ భవిష్యత్తు ఆ పొడవు దగ్గరే తేలింది.

మెమరీ దగ్గర పీటముడి

ఆర్మ్‌లో ప్రతి ఆదేశం నిడివి 32 బిట్లు. ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్ చిప్పుకు ఫోన్‌లో 16 గీతల బస్, అంటే బిట్లు మోసే తీగల వరస, మాత్రమే ఉంటుంది, ఎందుకంటే 32 గీతలకు పిన్నులు, బోర్డు చోటు, ధర అన్నీ పెరుగుతాయి. దాంతో రెండు నష్టాలు. ప్రోగ్రామ్ బరువెక్కుతుంది. ఒక్కో ఆదేశం తెచ్చుకోవడానికి ప్రాసెసర్ రెండుసార్లు మెమరీ దగ్గరికి పోవాలి. చిన్న ఆదేశాలున్న పాత ప్రాసెసర్లతో పోలిస్తే ఇది గిట్టుబాటు కాదని నోకియా వెనకాడింది.

ఆర్మ్ చూపిన పరిష్కారం థంబ్. కంపైలర్, అంటే ప్రోగ్రామర్ రాసినదాన్ని ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్, ఎక్కువగా వాడే ఆదేశాలను ఏరి వాటికి 16 బిట్ల పొట్టి రూపం ఇచ్చారు. పొట్టి ఆదేశం చిప్పులోకి రాగానే, అర్థం చేసుకునే దశలోనే, దానికి సమానమైన 32 బిట్ల ఆదేశంగా విప్పుకుంటుంది. లోపల యంత్రం పాతదే, బయట ఒక్కో ఆదేశానికి పట్టే చోటు మాత్రం సగం. హిటాచీ ఎస్‌హెచ్ ప్రాసెసర్ అప్పటికే 16 బిట్ల ఆదేశాలతో నడుస్తోంది కాబట్టి ఊహ మరీ కొత్తదేం కాదు. ఒకే చిప్పులో రెండు రూపాలూ ఉండి, కావలసినప్పుడు మారే వీలు ఉండటమే ఇక్కడి విశేషం.

పొట్టి ఆదేశంలో అన్నీ పట్టవు. ప్రాసెసర్ లెక్కల మధ్య అంకెలు పెట్టుకునే 16 రిజిస్టర్లలో చాలా ఆదేశాలకు మొదటి ఎనిమిదే అందుతాయి. షరతు పెట్టి నడిపే సౌకర్యం, ప్రోగ్రామ్‌లో మరో చోటికి పంపే గెంతు ఆదేశాలకే మిగిలింది. అందుకే అదే పనికి దాదాపు 40 శాతం ఎక్కువ ఆదేశాలు రాయాలి. ఒక్కోటి సగం నిడివే కాబట్టి మొత్తం మీద 100 పడేచోట 70 సరిపోతుంది. 32 బిట్ల మెమరీ ఉంటే మామూలు ఆర్మ్ కోడే వేగం. 16 బిట్ల మెమరీలో మాత్రం థంబ్ దాన్ని దాటిపోతుంది.

30 శాతం ఆదా అంటే చిన్న మాటలా అనిపించవచ్చు. కానీ మెమరీ చిప్పులు కిలోల లెక్కన తూచి అమ్మరు. 4 మెగాబిట్లు, 8, 16 ఇలా రెట్టింపు అంచెల్లోనే దొరుకుతాయి. ఉదాహరణకు ప్రోగ్రామ్ 1.4 మెగాబైట్లు అనుకుంటే 8 మెగాబిట్ల చిప్పులో, అంటే ఒక మెగాబైట్‌లో, పట్టదు. 16 మెగాబిట్లది కొని అందులో కొంత ఖాళీగా వదిలేయాలి. అదే థంబ్‌లో 0.98 మెగాబైట్లకు దిగి చిన్న చిప్పులో బొటాబొటిగా కూర్చుంటుంది. లక్షల సెట్లు పోసే కంపెనీకి ఆ ఒక్క అంచె తేడా ఎంత మిగులో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కులూ లేకపోలేదు. ఏ రూపంలో చదవాలో ప్రాసెసర్‌కు తెలిసేది గెంతాల్సిన చిరునామాలోని చివరి బిట్‌ను బట్టి. అది 1 అయితే థంబ్, 0 అయితే ఆర్మ్. ప్రోగ్రామర్ పొరపాటున ఆ బిట్ మరిస్తే ప్రాసెసర్ రెండు పొట్టి ఆదేశాలను కలిపి ఒక పొడుగు ఆదేశంగా చదువుతుంది, అర్థంలేని పని చేస్తుంది, ఫోన్ తనంతట తాను ఆగి మళ్లీ లేస్తుంది. ఇంటరప్ట్, అంటే చేసే పని ఆపి వెంటనే చూడమనే కబురు, వచ్చినప్పుడు ప్రాసెసర్ ఎప్పుడూ ఆర్మ్ రూపంలోకే దిగుతుంది కాబట్టి అక్కడి మొదటి వరసలు పొడుగు ఆదేశాల్లోనే రాయాలి. జాప్యం పనికిరాని చిన్న భాగాలను కూడా ఆర్మ్ రూపంలో ఉంచి, చిప్పు లోపలి వేగమైన మెమరీలో పెట్టడం అప్పటి వాడుక.

ఇలా 1994లో తయారైందే ఆర్మ్7టీడీఎమ్ఐ. పేరు నోరు తిరగదు గానీ ప్రతి అక్షరానికీ పనుంది. టీ అంటే థంబ్. డీ, ఐ అనేవి తప్పులు వెతికే ఏర్పాట్లు. ప్రాసెసర్ పెద్ద చిప్పు కడుపులో ఇరుక్కున్నాక దాని పిన్నులు బయటికి కనపడవు కాబట్టి, లోపలి నుంచే ఆపి చూసే దారి కావాలి. ఎమ్ అంటే మెరుగైన గుణకార యూనిట్.

నిద్రపోవడమూ పనే

0.35 మైక్రాన్ల పద్ధతిలో పోసిన ఆర్మ్7టీడీఎమ్ఐలో 74,209 ట్రాన్సిస్టర్లు, 2.1 చదరపు మిల్లీమీటర్ల చోటు. 1993 నాటి మొదటి పెంటియంలో 31 లక్షల ట్రాన్సిస్టర్లుండేవి. పక్కపక్కన పెట్టి చూడటం న్యాయం కాదు, రెండింటి పనులూ వేరు. కానీ డీఎస్పీ, టైమర్లు, సిమ్ సర్క్యూటు అన్నీ ఒకే చిప్పులో ఇమడాలంటే కంట్రోలర్ ఇంత చిన్నదై ఉండాల్సిందే.

దాని వేగం ‘0 నుంచి 66 మెగాహెర్ట్జ్’ అని రాస్తారు. ఫోన్ తయారీదారుకు 66 కన్నా ఆ సున్నాతోనే ఎక్కువ పని. ప్రాసెసర్‌ను అడుగడుగునా నడిపించే క్లాక్‌ను పూర్తిగా ఆపేసినా రిజిస్టర్లలో ఉన్నది చెరగదని, మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటి నుంచే నడుస్తుందని దాని అర్థం.

ఆ తరం నోకియాల్లో ప్రాసెసర్ 13 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. ఆ 13ను 48తో భాగిస్తే జీఎస్ఎమ్ గాలిలో పంపే వేగం, సెకనుకు 270.833 కిలోబిట్లు, సరిగ్గా వస్తుంది. ఒకే క్రిస్టల్‌తో రేడియో, లెక్కలు రెండూ నడుస్తాయి. ఫోన్ ఊరికే పడి ఉన్నప్పుడు ఈ 13 మెగాహెర్ట్జ్ ఆపేసి, చేతి గడియారాల్లో ఉండే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఒక్కదాన్నే ఉంచుతారు. తనకు కాల్ ఉందేమో వినడానికి ఫోన్ లేవాల్సిన సమయాన్ని నెట్‌వర్క్ నిర్ణయిస్తుంది. దాదాపు 0.47 సెకన్ల నుంచి 2.12 సెకన్ల దాకా ఏదైనా పెట్టుకోవచ్చు. ఎక్కువ పెడితే బ్యాటరీ నిలుస్తుంది, కాల్ కలవడం కాస్త ఆలస్యమవుతుంది. తక్కువ పెడితే అటుది ఇటవుతుంది. ఒకే ఫోన్ ఒక కంపెనీ సిమ్‌తో ఎక్కువ రోజులు, మరో సిమ్‌తో తక్కువ రోజులు రావడానికి సిగ్నల్ ఒక్కటే కారణం కాదు.

బోర్డు విప్పి చూస్తే

1997 చివర్లో ప్రకటించి 1998లో విరివిగా అమ్మిన నోకియా 6110 ఆర్మ్ ప్రాసెసర్‌తో వచ్చిన తొలి జీఎస్ఎమ్ ఫోన్. నోకియా ఇంజినీర్ టనేలి అర్మాంటో రాసిన పాము ఆట మొదట కనిపించిందీ దీనిలోనే. తర్వాత వచ్చిన 3210, 3310 కూడా ఈ కుటుంబానివే. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ నుంచి మండల కేంద్రం దాకా రిపేరు బల్లల మీద ఎక్కువగా విప్పింది ఈ బోర్డులనే.

విప్పితే ముఖ్యంగా కనిపించేవి నాలుగు. మ్యాడ్ ఐసీలో ఆర్మ్, డీఎస్పీ కలిసి ఉంటాయి. సీకాంట్ పవర్ చూసుకుంటుంది. కోబ్బా గొంతునూ రేడియో సంకేతాన్నీ అంకెలుగా, అంకెలను మళ్లీ సంకేతంగా మారుస్తుంది. పక్కనే ఒకటి, రెండు మెగాబైట్ల ఫ్లాష్. బటన్ నొక్కగానే సీకాంట్ కరెంటు ఇస్తుంది, ఆర్మ్ లేచి ఫ్లాష్‌లోని ప్రోగ్రామ్ అందుకుని మిగతావాటిని ఒక్కొక్కటిగా పలకరిస్తుంది. ఏదైనా పలకకపోతే తెర మీద ‘కాంటాక్ట్ సర్వీస్’ అని పడుతుంది. కాబట్టి ఆ మాట కనిపించిందంటే ఆర్మ్, ఫ్లాష్, తెర బతికే ఉన్నాయని లెక్క. తెర వెలగకుండా పూర్తిగా చచ్చిన ఫోన్‌లో మొదట అనుమానించాల్సింది సీకాంట్‌నూ, ఆర్మ్‌కూ ఫ్లాష్‌కూ మధ్య దారినీ.

ఇంకో లక్షణం ఉంది. ఫోన్ ఆన్ అయి, సుమారు అర నిమిషానికి దానంతటదే ఆరిపోతుంది. ‘నేను బాగానే ఉన్నాను’ అని ఆర్మ్ పదేపదే సీకాంట్‌కు చెప్పాలి. ఆ కబురు అందకపోతే ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుపోయిందని తలచి సీకాంట్ పవర్ తీసేస్తుంది. బ్యాటరీ మార్చినా ఇది పోదు. 3310 లాంటి సెట్లు కింద పడినప్పుడు చిప్పు అడుగున కంటికి కనిపించని టంకం బొట్లు చిట్లడం తరచుగా కారణమయ్యేది. ఐసీ మీద వేలితో నొక్కితే ఫోన్ పనిచేసి, వదిలితే ఆగితే పగులు అక్కడే. తగరం–సీసం టంకం 183 డిగ్రీలకు కరుగుతుంది. వేడిగాలి అతిగా తగిలితే పక్కన ప్లాస్టిక్ కనెక్టర్లు ముందు పోతాయి.

మిగతావాళ్లు ఎందుకు వెనకబడ్డారు

ఇంటెల్ ప్రాసెసర్ ఫోన్‌లో రాలేదని కాదు. 1996 నాటి నోకియా 9000 కమ్యూనికేటర్‌లో ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉంది. ఆ ఫోన్ ఇటుక రాయంత, ధర కూడా అదే స్థాయి. డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీ నుంచి దక్కిన స్ట్రాంగ్‌ఆర్మ్ అనే ఆర్మ్ ప్రాసెసర్‌ను ఇంటెల్ ఎక్స్‌స్కేల్‌గా మార్చి చూసింది గానీ, 2006లో 60 కోట్ల డాలర్లకు మార్వెల్‌కు అమ్మేసింది. మరుసటి ఏడాదే ఐఫోన్ వచ్చింది, ఆర్మ్ ప్రాసెసర్‌తో.

అసలు తేడా వ్యాపార పద్ధతిలో ఉంది. చిప్పు కంపెనీ సొంత ప్రాసెసర్ అమ్మితే, దాని మీద రాసిన సాఫ్ట్‌వేర్ మొత్తం ఆ కంపెనీకి కట్టుబడిపోతుంది. ధర పెంచినా, సరుకు ఆలస్యమైనా ఫోన్ తయారీదారు నోరు మూసుకోవాలి. ఆర్మ్ కోర్, అంటే దాని ప్రాసెసర్ డిజైన్, టీఐ దగ్గరా, వీఎల్ఎస్ఐ దగ్గరా, శామ్‌సంగ్ దగ్గరా దొరుకుతుంది. లైసెన్సుదారులు తమలో తాము పోటీ పడతారు, రాయల్టీ మాత్రం ఎటుపోయినా కేంబ్రిడ్జికే చేరుతుంది. 6110 మార్కెట్లోకి వచ్చిన కొద్ది నెలలకే, 1998 ఏప్రిల్‌లో, ఆర్మ్ లండన్, నాస్‌డాక్ రెండు చోట్లా షేర్లు జారీ చేసింది.

రెండు శిబిరాల్లోనూ అదే

భారత్‌లో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కోల్‌కతా నుంచి వెళ్లింది. అప్పటికి ఆర్మ్ ఫోన్ ఇంకా పుట్టలేదు. నోకియా సెట్లు ఊళ్లలోకి దిగేనాటికి ఇక్కడ జీఎస్ఎమ్, సీడీఎంఏ అనే రెండు మొబైల్ పద్ధతుల పోరు మొదలైంది. 2002 చివర్లో రిలయన్స్ సీడీఎంఏతో వచ్చింది, 2003లో 501 రూపాయల పథకంతో ఊరూరా సెల్లు చేరింది. ఒక వైపు సిమ్ మార్చుకునే ఫోన్లు, మరో వైపు కంపెనీకే కట్టేసిన ఫోన్లు. చూసేవాళ్లకు ఉప్పూ నిప్పూ.

లోపల మాత్రం చుట్టరికమే. సీడీఎంఏ చిప్పులు చేసే క్వాల్‌కామ్ తొలి మోడెమ్ చిప్పుల్లో ఇంటెల్ తరహా 186 కోర్ వాడేది. 1998లో ఎమ్ఎస్ఎమ్3000తో అదీ ఆర్మ్7టీడీఎమ్ఐకి మారింది. ఏ శిబిరం గెలిచినా ఆర్మ్‌కు నష్టం లేని పరిస్థితి అలా వచ్చింది.

రాయల్టీ గొడవ, సగం ఆదేశం

ఆ పద్ధతిలోనే ఇప్పటి పేచీలూ ఉన్నాయి. అందరూ ఒకే ఇంట్లో అద్దెకుంటే, అద్దె పెంచిన రోజు అందరికీ కష్టమే. లైసెన్సు హక్కుల మీద 2022లో ఆర్మ్ తన పెద్ద ఖాతాదారైన క్వాల్‌కామ్ మీద దావా వేసింది. 2024 డిసెంబర్‌లో జ్యూరీ తీర్పు ఎక్కువ భాగం క్వాల్‌కామ్ వైపే వచ్చింది. 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్ అనే పోటీ ప్రాసెసర్ పద్ధతిలో ఆదేశాల పట్టికకు రాయల్టీ లేదు. చిన్న కంట్రోలర్ల దగ్గర దాని పోటీ ఇప్పటికే కనిపిస్తోంది. ఫోన్ ప్రధాన ప్రాసెసర్‌లో అది అంత తేలిక కాదు, ఎందుకంటే 30 ఏళ్లుగా పోగుపడిన సాఫ్ట్‌వేర్ అంతా అటువైపు కదలాలి.

ఇక ఆదేశాల సంగతి. కొత్త ఫోన్ల ప్రధాన కోర్లు 64 బిట్ల పద్ధతికి మారాయి, పాత 32 బిట్ల రూపాన్ని వదిలేస్తున్నాయి. కార్టెక్స్-ఎమ్ అనే చిన్న కంట్రోలర్లలోనూ 1985 నాటి ఆ పొడుగు ఆదేశాలకు చోటు లేదు. అవి థంబ్ తరహా ఆదేశాలనే నడుపుతాయి. ఫ్లాష్ ఖర్చు తగ్గించడానికి కుదించిన ఆ సగం ఆదేశమే వాషింగ్ మెషీన్లలో, బ్యాటరీ చార్జర్లలో, చేతి పట్టీల్లో ఇంకా పనిచేస్తోంది.